రెక్కలకు ముందే కళ్ళు

కలంకారీ గుడ్డ మీద గీసిన జంతువుకు కళ్ళు పెట్టగానే ప్రాణం వచ్చే రోజులవి. అందుకే కళ్ళు చివర్న పెట్టాలి. ముహూర్తం ముంచుకొస్తోందన్న కంగారులో చెంగమ్మ, పెళ్ళికొడుకు ఎక్కాల్సిన గండభేరుండానికి రెక్కలు గీయకుండానే కళ్ళు పెట్టేసింది.

రెండు తలల పక్షి గుడ్డలోంచి దూకి వంటింట్లోకి పరుగెత్తింది.

"అయ్యో అత్తా! పెళ్ళికొడుకు నడిచి పోవాల్నా? ఇంక మనకెవరు పని చెబుతారు?" అంది కోడలు రెడ్డెమ్మ.

"ఏడుపాపి ఒక ఇడ్లీ విసురు! ఒక్కటే!"

ఆ ఒక్క ఇడ్లీ కోసం రెండు తలలూ పొడుచుకుంటుంటే, చెంగమ్మ దాని వీపెక్కి చకచకా రెక్కలు గీసేసింది. పక్షి ఆమెతో సహా రివ్వున లేచింది. చెంగమ్మ దాని మెడలు పట్టుకుని విడిదింటి వైపు తిప్పి, ఎలాగో దింపింది.

పెళ్ళికొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, దిగు దిగు, టైమైపోతోంది!"

"నేను దిగితే తోకెవరు గీస్తారు? నువ్వు ముందు కూర్చో నాయనా, దారిలో గీసేస్తా!"