చెయ్యెత్తితే ఆగే పిల్లలు

"ఆగండర్రా! ముందు వాళ్ళని ఎక్కనివ్వండి, తర్వాత మీరు."

బెల్లు కొట్టగానే మేడ మెట్ల మీదికి ఎగబడ్డ పిల్లలకు అడ్డంగా, తల నెరిసిన ఒక పెద్దావిడ నిలబడింది. చంకలో గొడుగు, గాల్లో చెయ్యి.

సగంమంది ఆవిడను తోసుకుంటూ పోయారు. మిగతా సగం మాత్రం ఠక్కున ఆగిపోయారు.

అది చూసి హెడ్మిస్ట్రెస్‌కు ఒళ్ళు మండింది. తాను గొంతు చించుకున్నా ఆగని పిల్లలు, దారిన పోయే మనిషి చెయ్యెత్తితే ఆగడమా!

"ఎవరండీ మీరు? మీ మనవలెవరైనా చదువుతున్నారా ఇక్కడ?"

"లేరండీ."

"మరి మీకేం పని?"

"ఒక తరగతి ఎక్కాక ఇంకో తరగతిని పంపిస్తే బాగుంటుందనీ..."

"అది చెప్పడానికి మీరెవరు?"

"ఇప్పుడు ఎవర్నీ కానులెండి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది.

నిజానికి ఆ బడికి ఊపిరాడటం లేదు. ముగ్గురు పట్టే బెంచీ మీద ఐదుగురు ఇరుక్కుంటున్నారు. లైబ్రరీ తరగతి గదైంది, సైకిళ్ళ షెడ్డూ తరగతి గదైంది. వరండాలో రెండో తరగతి ఎక్కాలు అందుకుందంటే లోపల నాలుగో తరగతి పాఠం గోవిందా. వానలు మొదలైన కొత్తలో వంతెన అవతలి బడి కూలిపోయి, అక్కడి పిల్లలంతా ఇక్కడికే వచ్చిపడ్డారు.

"కూలినప్పుడు లోపల ఒక్క పిల్లా లేకపోవడం అదృష్టం," అనేది హెడ్మిస్ట్రెస్. ఆమె ఆ తర్వాతే ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చింది. "ఆ అదృష్టం మనకూ కలిసొచ్చింది. ఇంత స్ట్రెంత్ చూశాక కొత్త బిల్డింగ్ ఇవ్వక ఏం చేస్తారు?"

ఆమె ఆశలో తప్పేం లేదు పాపం. పిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చునే గదులు కావాలన్నదే ఆమె తాపత్రయం.

బిల్డింగ్ సంగతి తేల్చడానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది.

"కాగితం మీద అంకెలు చూపిస్తే నమ్మరు. బడి మొత్తాన్నీ మేడ మీద హాల్లో నిలబెడదాం. కళ్ళారా చూస్తారు," అంది టీచర్లతో.

పిల్లల నోట ఆ సంగతి విని పెద్దావిడ పరుగున ఆఫీసు గదికి వచ్చింది.

"మేడమ్ గారూ, అందర్నీ ఒకేసారి పైకెక్కించకండి. ఆ హాలు తలుపు మొన్నటిదాకా బాగానే పడేదట, ఇప్పుడు గడపకు పట్టేస్తోందట. గోడ దిగుతోందండీ."

"వానకు చెక్క ఉబ్బింది, అంతే."

"నేనూ మొదట అలాగే అనుకున్నాను," అంది ఆవిడ మెల్లగా.

"ఆఫీసరు ముందు ఇలాంటి కూతలు కూస్తే నా బిల్డింగ్ కాస్తా మట్టిలో కలుస్తుంది. వాచ్‌మన్! ఈవిడ ఇంకోసారి గేటు దాటి లోపలికొస్తే నీ ఉద్యోగం ఊడుతుంది!"

ఆవిడ చేతులు జోడించింది. వాచ్‌మన్ రెక్క పట్టుకున్నాడు.

వంతెన అవతలి నుంచి వచ్చిన ఒక పిల్ల ఏడుస్తూ అడ్డం వచ్చింది. "మేడమ్, ఆవిడ మా..."

"నువ్వు క్లాసుకెళ్ళు!"

పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం వడ్రంగి వచ్చి తలుపు అంచు చిత్రిక పట్టాడు. తలుపు చక్కగా పడింది. హెడ్మిస్ట్రెస్ నాలుగైదుసార్లు వేసి, తీసి, తృప్తిగా ఇంటికి వెళ్ళింది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. హాల్లో బడి మొత్తం భుజానికి భుజం రాసుకుంటూ నిలబడింది. వీధి రొద వినిపించకుండా తలుపు వేయించారు.

"నమస్తే సార్!"

ఆ ఒక్క అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి.

"అమ్మో, ఇంతమందా!" అన్నాడు ఆఫీసరు. "ఇంకేం చూడాలి మేడమ్? మీ బిల్డింగ్ మీకు వచ్చేసినట్టే."

హెడ్మిస్ట్రెస్‌కు కళ్ళు చెమర్చాయి.

ఆఫీసరు భుజం మీద కాస్త సున్నం రాలింది. దులుపుకున్నాడు. మళ్ళీ రాలింది.

కాళ్ళ కింద ఏదో మూలిగింది.

"చాలు, ఇక దిగండి పిల్లలూ," అంటూ హెడ్మిస్ట్రెస్ తలుపు లాగింది.

రాలేదు. రెండు చేతులా లాగింది. నిన్న చిత్రిక పట్టిన తలుపు గోడలో భాగమైపోయినట్టు బిగుసుకుపోయింది. అవతలి నుంచి వాచ్‌మన్ భుజంతో గుద్దుతున్నాడు.

పిల్లలు కేకలు పెడుతూ తలుపు మీదికి ఎగబడ్డారు.

వంతెన అవతలి పిల్లలు మాత్రం కదల్లేదు. ఎవరో చెయ్యెత్తి దారి చూపిస్తారన్నట్టు అక్కడే నిలబడి చూస్తున్నారు.

"వీళ్ళు ఎవరి కోసం చూస్తున్నారు?" అన్నాడు ఆఫీసరు.

"గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చేది సార్. గోడ దిగుతోందని ఒకటే గోల. నిన్న గెంటించేశాను."

ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం కాదు కదా సార్?" అంది హెడ్మిస్ట్రెస్, ఇంకా తలుపు లాగుతూనే. "ఆ బడికి కలిసొచ్చిన అదృష్టమే మనకూ..."

"అది అదృష్టం కాదమ్మా," అన్నాడు ఆఫీసరు, రాలుతున్న సున్నంలో పిల్లల్ని చూస్తూ. "తలుపు పట్టేస్తోందని పాఠం మధ్యలో పిల్లలందర్నీ వీధిలోకి పంపేసినందుకు నేను సస్పెండ్ చేస్తే, ఆ సాయంత్రమే ఖాళీగా కూలిన ఆ బడికి హెడ్మిస్ట్రెస్ ఆవిడే."