పదకొండు అతుకుల గౌను

ఏప్రిల్ 9. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, తొమ్మిది చొక్కాలు ఇస్త్రీ చేశాను. సాయంత్రం డిజైనరైన మా చెల్లెలి కుట్టుగదికి వెళ్ళాను. గోడ చూడగానే ఒళ్ళు మండింది.

చలికాలం కలెక్షన్ కోసం పన్నెండు గౌన్ల బొమ్మలు వరుసగా అంటించింది. మొదటిది నా చిన్నప్పటి గౌనే, పదకొండు అతుకులతో సహా.

"నీకు కొత్తవి కొనాలని నేను అతుకులతో సరిపెట్టుకున్నాను. వాటినిప్పుడు ఊరేగిస్తావా? సిగ్గు లేదా నీకు?"

"తిట్టడం ఆపి చివరిదాకా చూడక్కా. గౌనుకో అతుకు తగ్గిస్తూ వచ్చాను."

పన్నెండో గౌనుకు అతుకే లేదు. దాని కింద నా కొలతలున్నాయి.

"అది నీకే. ప్రదర్శనలో ఆఖరున నువ్వే వేసుకుని నడవాలి."

"నడుము రెండంగుళాలు తక్కువ రాశావు. ఏం డిజైనరువే నువ్వు?" అని కసిరాను.

చిన్నప్పటి గౌన్ల బాకీ ఇవాళ్టితో చెల్లు.