ఊరేగింపులో మనిషి

"పది నిమిషాలు టీవీ కట్టీయండి బాబూ. మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది హైమవతి.

ట్రాన్స్‌మిటర్ ముందు కూర్చున్న హరనాథ్ ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఢిల్లీ నుంచి వచ్చే బొమ్మని ఖరగ్‌పూర్ ఇళ్ళకి అందించే టీవీ రిలే కేంద్రం అది. ఆదివారం మధ్యాహ్నం. ఏ ఏడాదికో ఒకసారి వచ్చే తెలుగు సినిమా నడుస్తోంది. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళందరూ టీవీల ముందే ఉన్నారు.

"ఇవాళ కట్టేస్తే నన్ను తంతారమ్మా. అసలు సంగతేమిటి?"

"మా ఆయన ఈ సినిమాలో ఉన్నాడు. పెళ్ళి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు మోస్తాడట. ఇజీనారంలో మా తమ్ముడు సూసి ఉత్తరం రాసినాడు."

"మంచిదేగా?"

"ఆరేళ్ళ కిందట యార్డులో రైలు కింద పడి సచ్చిపోనాడు బాబూ. సినిమా తీసి మూడేళ్ళేనట."

హరనాథ్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"శవానికి మొహం లేదు. సొక్కా సూసి ఆయనే అన్నారు, నేనూ అన్నాను. ఆయన పోనాడనే నాకు వర్క్‌షాపులో ఉద్యోగం ఇచ్చినారు. ఆ ఎదవ బతికున్నాడని కాలనీ అంతా సూస్తే ఏటవుద్ది? ఉద్యోగం పోద్ది. దొంగలెక్కన జైల్లో పెడతారు. పిల్లలు ఏటి తింటారు?"

బల్ల మీది మానిటర్‌లో సన్నాయి మొదలైంది. పల్లకీ లేచింది.

హరనాథ్ కళ్ళు మూసుకుని స్విచ్ నొక్కాడు. ఊళ్ళో టీవీలన్నీ చుక్కలైపోయాయి. గదిలో మానిటర్ మాత్రం ఆగలేదు. ఢిల్లీ నుంచి వచ్చే బొమ్మ దానికి వస్తూనే ఉంది.

వెంటనే ఫోన్ మోగింది.

"ఏటి దాదా, తెలుగు సినిమా అని ఆపీసినారా? బెంగాలీ సినిమాకైతే ఇలా సేత్తారా?"

"ఫాల్ట్ వచ్చింది. చూస్తున్నాం," అని పెట్టేశాడు.

"లైట్లోళ్ళు వస్తన్నారు," అంది హైమవతి పళ్ళు కొరుకుతూ. "నన్ను సీకట్లో వదిలీసి ఊరందరికీ దీపాలు మోస్తన్నాడు, దొంగసచ్చినోడు."

అయిదుగురు. నాలుగోవాడు ఇటు తిరిగాడు. వెలుగు నేరుగా మొహం మీద పడింది. ఆమె మానిటర్‌కి జానెడు దూరానికి వెళ్ళి చూసింది. ఊరేగింపు సాగిపోయింది. ఆమె కదల్లేదు.

"ఆయనేనా?"

"ఎయ్యండి బాబూ. అందరూ సూసుకోనీండి. ఈడు కాదు. పోలిక, అంతే."

హరనాథ్ గట్టిగా ఊపిరి వదిలి స్విచ్ వేశాడు. "బతికిపోయావమ్మా. ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు," అంటూ నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"తమ్ముడి ఉత్తరం వచ్చిన రోజున కట్టుకున్నాను బాబూ," అంది హైమవతి. జాకెట్టు లోపల దాచుకున్న పసుపుతాడు పైకి తీసి, ముడి విప్పుతోంది.