భూదేవికి దండం

విమానం ఎడమ చక్రం దిగడం లేదని ఎయిర్‌హోస్టెస్ హిందీలో చెప్పేసరికి యాదలక్ష్మి చుట్టూ చూసింది. ఉన్న చక్రాల మీదనే దింపుతారట. చెప్పగానే అందరూ తల మోకాళ్లకు ఆనించి వంగాలట. చిన్న విమానం. ఎటు చూసినా దగ్గరగానే ముఖాలు, ఏ ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

భర్త ఉప్పలయ్య ఒక్కడే నిమ్మళంగా కిటికీలోంచి మబ్బులు చూస్తున్నాడు. భీవండిలో మరమగ్గాల సాంచెలు నడిపీ నడిపీ ఆ చప్పుడుకు చెవులు పోగొట్టుకున్న మనిషి. పుణెలో కూతురు సంధ్య చెవికి కొత్త మిషన్ పెట్టిస్తే, ఈల వేస్తోందని విమానం ఎక్కుతూనే తీసి జేబులో వేసుకున్నాడు. పెట్టుకొమ్మని యాదలక్ష్మి పోరింది, తిట్టింది, విసిగి ఒక కునుకు తీసింది. లేచేసరికి ఏసీ చలికి తలకు రుమాలు చుట్టుకుని కూర్చున్నాడు.

మిషన్ జేబులో ఉండటమే ఇప్పుడు మేలనిపించింది ఆమెకు. గుండెకు స్టెంట్ వేసిన మనిషి. ఈ సంగతి తెలిస్తే చక్రాలు నేలను తాకేదాకా కూడా ప్రాణం నిలవదు.

భుజం తట్టి, చేతులు జోడించి చూపించి, నోరు పెద్దగా కదుపుతూ చెప్పింది. "దిగేటప్పుడు భూదేవికి దండం పెట్టాల్నట. తల వంచు."

ఉప్పలయ్య ఆమె ముఖంలోకి ఒక క్షణం చూశాడు. బుద్ధిగా తల వంచాడు.

విమానం కిందికి జారుతోంది. యాదలక్ష్మి అతని వీపు మీద చెయ్యి వేసి, పక్కనే వంగింది. వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఈ మాట ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదనిపించింది.

"నీకు వినపడదు గనుక చెప్తున్న," అంది ఇంజన్ హోరులో. "రోజు నిన్ను తిట్టుడే చూసినవు. నువ్వు భీవండి పోయినప్పుడల్ల నీ అంగీ ఒకటి మెత్త కింద పెట్టుకొని పండుకుందు. వాసన పోతదని ఉతక్కుండ ఉంచుకుందు. అత్త చూస్తే నవ్వుతదని పొద్దుగాల్ల దాసిపెడుదు. నీకు సుత చెప్పలే."

ఇనుము నేలను గీరిన చప్పుడు. విమానం ఎడమకు ఒరిగింది. రెక్క రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. గిర్రున సగం తిరిగి, గడ్డిలోకి దూసుకుపోయి ఆగింది.

అందరూ దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. గడ్డిలో కూలబడబోయిన యాదలక్ష్మిని ఉప్పలయ్యే జబ్బ పట్టుకుని నిలబెట్టాడు.

"గింత గట్టిగ ఆపిండేందే? డ్రైవర్ కొత్తోడా?" అని అరిచాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. అవునన్నట్టు ఆమె తలూపింది.

సిద్దిపేట బస్సు గజ్వేల్ దాటింది. ఆమె చేతిని అతను అప్పటికీ వదలలేదు.

టీవీలో వార్త చూసిన వాడకట్టు జనం సిద్దిపేటలో వాళ్లింటి ముందే నిలబడి ఉన్నారు. యాదలక్ష్మి అంతా చెప్పింది. దండం సంగతి చెప్పినప్పుడు పక్కింటి కొండవ్వ నోరు నొక్కుకుని నవ్వింది. ఉప్పలయ్య చాయ్ తాగుతూ గోడకేసి చూస్తున్నాడు. ఎంత అమాయకుడో అని అందరూ జాలిపడ్డారు. అంగీ మాట మాత్రం ఆమె ఎత్తలేదు.

జనం వెళ్లిపోయాక తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చుంది.

చెవులు పోయిన నాటి నుంచి అరిచే మాట్లాడే ఆ మనిషి, రుమాలు విప్పి, విమానంలో కిటికీ వైపు ఉండిన చెవిలోని మిషన్ సర్దుకుంటూ, మెల్లగా అడిగాడు.

"ఇంతకు గా అంగీ ఏ రంగుదే?"