కోట్స్ లోపలి పేరు

నంద్యాల ఆఫీసులో కంప్యూటర్ హిమజ పాస్‌వర్డ్‌ను ఎంతకీ ఒప్పుకోలేదు. పక్క సీటులో సుధీంద్ర తలెత్తలేదు.

"నా లాగిన్ ఎవురు తీసేసినారప్పా?"

"సారు తీసేయమన్నాడక్కా. నీ బ్యాచ్ ఫైలుతోనే తీసేసినా."

ఉద్యోగం పోయినవాళ్ల లాగిన్‌లు తీసేయడానికి ఆ ఫైలులోని సబ్‌రొటీన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, రాసింది హిమజే. దాన్ని నడిపి పేరు పంపితే చాలు. రెండు మాటల పేరైతే కోట్స్‌లో, అంటే కొటేషన్ గుర్తుల మధ్య, పెట్టాలి, లేకుంటే దానికి మొదటి మాటే అందుతుంది. సుధీంద్ర ఎప్పుడూ మరిచిపోయేవాడు.

"కోట్స్ పెట్టేది యాడ నేర్చుకున్నావ్?"

ఆమెకే గుర్తొచ్చింది. నిన్న ఆమె ఆళ్లగడ్డ బస్సులో ఉండగా ఫోన్ చేసి అడిగాడు, రెండు మాటల పేరెట్ల పంపాలని.

"నా పేరే అనుకో. కోట్స్ లోపల హిమజ కుమారి అని కొట్టు" అని ఫోన్‌లో చెప్పింది.

"కొడతాండా... ఆ, పనిచేసిందక్కా. థ్యాంక్స్."