మెషిన్లకు బొట్టు

తలుపు అద్దంలోంచి లోపలికి చూసిన కోటేశ్వర్లు అక్కడే నిలబడిపోయాడు. ప్రతి మెషిన్ నుదుటా ఎర్రటి బొట్టు ఉంది.

"రంగయ్యా," అన్నాడు, గొంతు పెంచకుండా. "ఏంది ఇది?"

వాచ్‌మన్ రంగయ్య స్టూలు మీంచి లేచాడు. "ఏంది సార్?"

"నిన్న ఆయుధపూజ లోపల వద్దన్నానా లేదా?"

"అన్నారు."

"మరి ఆ బొట్లేంది?"

"పండగ గదా సార్. కంభంలో ఆటోలకు పెట్టినారు, తూకం రాళ్లకు పెట్టినారు, కటింగ్ షాపులో కత్తెరకు గూడా పెట్టినారు. మన మెషిన్లే బోసిగా ఉంటే బాగుంటదా?"

ఆ గది కోటేశ్వర్లు పెంచిన బిడ్డలాంటిది. గిద్దలూరుకూ మార్కాపురానికీ ఇంటర్నెట్ పోయే వైర్లన్నీ అందులోంచే పోతాయి. వైరంటే రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగు. దానిలో వెలుగు పారుతుంది. ఆ పోగు వచ్చి వేలెడంత మాడ్యూల్ నోట్లో కూర్చుంటుంది. ఆ నోట్లో కాస్త దుమ్ము పడినా వెలుగు ఆగిపోతుంది. నిరుడు దసరాకు రంగయ్య భక్తిగా పసుపు పూసి కుంకుమ అద్దితే, ఆ పొడి ఒక మాడ్యూల్ నోట్లోకి పోయింది. గిద్దలూరు మొత్తానికీ సగం రోజు నెట్ లేదు. ఇంకోసారి లోపల బొట్టు కనబడితే పనిలోంచి తీసేస్తానని కోటేశ్వర్లు ఆనాడే చెప్పాడు.

"నిరుడు నేనన్న మాట గుర్తుందా?"

"ఉంది సార్. తీసేస్తే పోతా. దేవుని పని చేసి ఉద్యోగం పోగొట్టుకున్నానని ముసల్దానికి చెప్పుకుంటా. వేరే మాటంటే అన్నం పెట్టదు."

మాడ్యూళ్ల పని చూసే జాహిదా అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది. "సార్, ఆ బొట్లు..."

"నువ్వుండు తల్లీ," రంగయ్య అడ్డం పడ్డాడు. "ఇది నాకూ సారుకూ ఉండే తగువు."

జాహిదా చెప్పులు పక్కకు పెట్టింది. "సరే తాతా. కానీ సార్, ముందు లోపల చూద్దాం. ఏదన్నా చెడిపోయుంటే అప్పుడు తీసేద్దురు."

చేతులు తుడుచుకుని, ఒంట్లోని కరెంటు మెషిన్లకు తగలకుండా మణికట్టుకు పట్టీ కట్టుకుని ఇద్దరూ లోపలికి పోయారు. లైట్లన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. కోటేశ్వర్లుకు అది చాలదు.

"వాడకంలో లేని లైను ఒకటి తీయి," అన్నాడు.

ఆమె పోగును మెలిపడనీయకుండా, కొసనున్న ప్లగ్గు పట్టుకుని మెల్లగా ఊడదీసింది. కంటికి కనబడని వెలుగు కన్నును చెడగొడుతుందని ఆ నోటికేసి ఎవరూ నేరుగా చూడరు. ఆమె నోట్లోని దుమ్మును పెద్దగా చేసి చూపే స్కోపు ఆనించి, దాని తెర ఆయనవైపు తిప్పింది. తెరమీద ఆ నోరు కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క మచ్చ లేదు. ఖాళీగా ఉన్న నోళ్లన్నిటికీ మూతలు బిగించే ఉన్నాయి.

అప్పుడు ఆయన బొట్టు దగ్గరికి వంగాడు. కుంకుమ కాదు, అంటించే బొట్టుబిళ్ల.

గాలి ఆడే రంధ్రాల మీద లేదు. లైటు మీద లేదు. నంబరు మీద లేదు. మాడ్యూల్ నోటికి ఎడంగా, ఉత్త రేకు మీద ఉంది. ఒక్కో మెషిన్ చూసుకుంటూ పోయాడు. అన్నిటికీ అట్లనే. ఇన్నేళ్లుగా నోరు నొప్పెట్టేలా తను చెప్పిందంతా తూచా తప్పకుండా చేసి చూపించినట్టుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. తనే పెట్టుంటే ఇంత బాగా పెట్టేవాడు కాదేమో అనిపించింది.

బయటికి వచ్చాడు. "రంగయ్యా, ఆ పని చూస్తుంటే నాకే ముచ్చటేస్తోంది. ఒక్క తప్పు లేదు."

రంగయ్య మీసం దువ్వుకున్నాడు. "మీ చేతికింద నేర్చుకున్న పని సార్. తప్పెట్ల వస్తది?"

"ఆ బొట్లు ఉండనీ. ఎవరూ తీయొద్దు."

"మరి నేను ఉండాల్నా, పోవాల్నా?"

"ముందు కూర్చో. మళ్లీ మోకాళ్ల నొప్పులంటావు."

కోటేశ్వర్లు నవ్వుకుంటూ మెట్లు దిగాడు. తన గది, తన మనుషులు అనుకుంటే గుండె నిండింది. సగం మెట్లు దిగాడో లేదో, పైనుంచి రంగయ్య గొంతు వినిపించింది.

"వచ్చే దసరాకు గూడా నువ్వే పెట్టాల, జాహిదా తల్లీ."