ఉత్తమ నటుడి గొంతు

తెర మీద ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఏడ్చారు.

ముగ్గురి ఏడుపూ నాదే.

బహుమతికి పోటీపడుతున్న ముగ్గురి సినిమాల్లోంచి తలో ముక్కా వేస్తున్నారు. ఒకడు సమాధి దగ్గర, ఒకడు జైల్లో, ఒకడు రైలు పెట్టెలో. మొహాలు వాళ్లవి. సియోల్‌లో షూటింగప్పుడు మాట పట్టే అలవాటు లేదు. తర్వాత నాలాంటివాడు తెర చూస్తూ ఆ పెదాలకి డబ్బింగ్ చెబుతాడు.

ఆ రైలు పెట్టెలోవాణ్ణి చూసి 'రా ఇన్‌సూ కంఠంలో కన్నీళ్లున్నాయి' అని పేపర్లవాళ్లు రాస్తారు.

కంఠం ఎవడిదిరా?

ఈ బహుమతుల సభకి నాకు పిలుపు రాలేదు. ఇన్‌సూ ఇచ్చిన టికెట్టు మీద ఆఖరి వరసలో, స్తంభం పక్కన కూర్చున్నాను.

నెల కిందట అతనే నన్ను టీ హోటల్‌కి లాక్కెళ్లి, పచ్చిగుడ్డు సొన వేసిన కాఫీ తెప్పించాడు.

"అన్నా, ఈసారి బహుమతి నాదేనంటున్నారు. వేదికెక్కి నోరు తెరిస్తే నా పని గోవిందా."

అబద్ధమేం కాదు. అతనిది బుసాన్ రేవు యాస, పైగా పీల గొంతు. ప్రేమిస్తున్నానన్నా చేపలు బేరమాడుతున్నట్టే ఉంటుంది.

"నీలా మాట్లాడ్డం నేర్పన్నా."

"నాలానా? నీలానా?"

అతను పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు.

"నేర్పుతా. కానీ వేదిక మీద నా పేరు చెప్పాలి. బే మన్‌బొక్. అంతే. ఇంకేం అడగను."

"అదెంత పనన్నా! నీ పేరు చెప్పకపోతే నేను మనిషి పుటక పుట్టినట్టేనా?"

యుద్ధం అయిపోయిన దగ్గర్నుంచి ఆరేళ్లుగా గొంతిస్తున్నాను. డెబ్భై సినిమాలు. ఒక్కదాంట్లోనూ నా పేరు పడలేదు. మా బావమరిది ఇప్పటికీ నలుగురిలో "మా బావ సినిమా హాల్లో ఏదో పని చేస్తాడు" అంటాడు.

నేర్పాను. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ గుటక వేయాలో. మొత్తం నాలుగు వాక్యాలు. సినిమా కంపెనీ అధ్యక్షుడికి ఒకటి, దర్శకుడికి ఒకటి, అమ్మకి ఒకటి, ఆఖరిది నాకు.

బహుమతి ఇన్‌సూకే వచ్చింది.

మిగతా ఇద్దరూ ఏడుపు మొహాలతో చప్పట్లు కొట్టారు. వాళ్లిద్దరి తరఫునా ఓడిపోయి, ఇతని తరఫున గెలిచి, నేను స్తంభం పక్కనే ఉన్నాను.

ఇన్‌సూ నడుం దాకా వంగి, లేచి, మైకు ముందు నిలబడ్డాడు.

"పెద్దలందరికీ..."

నేర్పిన గొంతే. నా ఒళ్లు ఝల్లుమంది.

అంతలో కరెంటు తగ్గింది. దీపాలు ఎర్రబడ్డాయి. మైకు చచ్చింది.

"గట్టిగా చెప్పవయ్యా!" అని ఎవడో అరిచాడు.

ఇన్‌సూ ఆగలేదు. ఆగితే మళ్లీ అందుకోలేడని నేనే భయపెట్టాను. మాట వినపడటం లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

హాల్లో వెయ్యిమంది. విన్నది నేనొక్కణ్ణే. పెదాలు చదవడమే నా కూడు.

అధ్యక్షుడు వచ్చాడు. దర్శకుడు వచ్చాడు. అమ్మ వచ్చింది.

ఇక నేను రావాలి. బే. మన్. బొక్. మూడుసార్లు పెదాలు కలవందే ఆ పేరు ఎవడి నోటా పలకదు. కుర్చీ అంచుకి జరిగి చూశాను.

పెదాలు ఆ వరసలో కలవలేదు.

'నన్ను గుండెల్లో పెట్టుకున్న అభిమానులందరికీ.' నా చోట వాడన్నది అదీ.

నా చోట.

బయట వసారాలో జనాన్ని తోసుకుంటూ వచ్చి నన్ను కావలించుకున్నాడు.

"నీ పేరు చెప్పానన్నా! గుండె మీద చెయ్యేసుకుని మరీ చెప్పాను. పాడు మైకు, సరిగ్గా అప్పుడే చావాలా!"

ఓడిన ఇద్దర్లో ఒకడు నా వీపు తట్టాడు. "పెట్టి పుట్టావన్నా. వచ్చే ఏడు గెలిస్తే నేనూ చెబుతాలే."

కోటు జేబులో నా పిడికిలి బిగుసుకుంది. లాగి ఒక్కటిస్తే ఆ అందమైన దవడ ఆర్నెల్లు తెర మీదికి రాదు. ఆ తర్వాత నా ఇంట్లో పొయ్యీ వెలగదు.

ఇంతలో రేడియో ఆయన టేపు రికార్డరు మోసుకుంటూ వచ్చాడు.

"ఇన్‌సూ గారూ, లోపల ఒక్క ముక్క వినపడలేదండీ. సాయంత్రం వార్తల్లో వెయ్యాలి. అక్కడ ఏం చెప్పారో అదే ఇంకోసారి చెప్పండి."

ఇన్‌సూ నోరు తెరిచాడు. బుసాన్ రేవు మొత్తం బయటికొచ్చింది. నెల రోజుల సాధన వేదిక మీదే అయిపోయినట్టుంది.

రేడియో ఆయన టేపు ఆపేశాడు. "ఏమనుకోకండి. ఇది మీ గొంతులా లేదు. వినేవాళ్లు ఒప్పుకోరు."

ఇన్‌సూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చెప్పెయ్యన్నా. ఎలాగూ నీకు కంఠతా వచ్చు. నీ పేరు కూడా వేసుకో, నేనేం అనుకోను."

వేసుకోమంటున్నాడు. గిన్నెలో అడుగంటింది విదిల్చినట్టు.

మైకు నా ముందుకి జరిగింది. దేశమంతా వింటుంది. పెదాలు మూడుసార్లు కలిపితే చాలు.

గొంతు సవరించుకున్నాను.

అధ్యక్షుడికి చెప్పాను. దర్శకుడికి చెప్పాను. అమ్మ దగ్గర గొంతు ఎంత వణకాలో అంతే వణికింది. రేడియో ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత నాలుగోది.

"నన్ను గుండెల్లో పెట్టుకున్న అభిమానులందరికీ..."

నా భుజం మీంచి ఇన్‌సూ చెయ్యి జారిపోయింది.

రేడియో ఆయన టేపు ఆపబోతూ అడిగాడు. "ఇంకేమైనా ఉందాండీ?"

"లేదు," అన్నాను. "అక్కడ ఆయన చెప్పింది ఇంతే."